శుభలేఖ చరిత్రలో చేతిపని

తెలుగు ఇళ్లలో పెళ్లి ఖాయమైన తరువాత రెండు రకాల పత్రాలు సిద్ధమవుతాయి. మొదటిది లగ్నపత్రిక, రెండవది శుభలేఖ. లగ్నపత్రిక రెండు కుటుంబాల మధ్య కుదిరిన మాటకు గుర్తు: వధూవరుల పేర్లను, గోత్రాలను, పంచాంగం ప్రకారం నిర్ణయించిన తిథి వార నక్షత్ర లగ్నాలను పెద్దల సమక్షంలో పురోహితుడు స్వయంగా రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది, తాంబూలంతో పాటు ఇరుపక్షాలకు అందిస్తాడు. ఆ కుదిరిన మాటను బంధుమిత్రులకు తెలియజేసి, వారిని పెళ్లికి ఆహ్వానించే పత్రం శుభలేఖ. లగ్నపత్రిక ఎంతో పాతది, నేటికీ చాలావరకు చేతిరాతలోనే ఉన్నది; శుభలేఖ, ఇప్పుడు తెలిసిన రూపంలో, అచ్చు యంత్రంతో పాటు పెరిగి ఇంటింటికీ చేరినది. ఈ తేడాను విస్మరించి, చేతితో తయారైన నేటి పెళ్లి పత్రికలను పాత సంప్రదాయపు పునరుద్ధరణగా వర్ణించడం తరచుగా కనిపిస్తుంది. ఆ వర్ణన సరైనది కాదు. శుభలేఖలో చేతిపని ఏనాడూ ఆగిపోలేదు గాని, కొత్త పనితీరు వచ్చిన ప్రతిసారీ అది ఒక చోటు వదిలి మరొక చోటికి చేరింది. కాగితమే చేతితయారీది కావాలని కోరుకోవడం ఇటీవలి అభిరుచి.

అచ్చు పత్రికలు రాకముందు పెళ్లికి పిలవడమంటే మనిషి నడిచి వెళ్లి పిలవడమే. ఇంటి ఆడవారు మరొక ముత్తయిదువను తోడు తీసుకొని గడపగడపకూ వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, అక్షతలు చేతికిచ్చి, ముహూర్తం చెప్పి వచ్చేవారు. పొరుగూరి బంధువులకు కబురు చేరవేసే బాధ్యత ఆయా గ్రామాల్లో సేవావృత్తులలో ఉన్న కుటుంబాలపై ఉండేది, అందుకు ప్రతిఫలంగా వారికి పెళ్లింట ధాన్యమో బట్టలో ముట్టేవి. ఈ పద్ధతిలో పిలుపు ఎవరి నోట వచ్చిందన్నది ముఖ్యం. చేతికి అందిన పత్రం ఎంత అందంగా ఉన్నా బొట్టు పెట్టి పిలవలేదన్న నిష్ఠూరం నేటికీ బంధువర్గాలలో వినిపించడానికి కారణం ఇదే.

రాతపూర్వకంగా దూరానికి కబురు పంపవలసి వచ్చినప్పుడు తాటాకు ఉండేది. ఎండబెట్టి పదును చేసిన ఆకుపై గంటం అనే ఇనుప మొనతో గీసి, ఆ గీతల్లోకి మసి దట్టిస్తే అక్షరాలు నల్లగా తేలుతాయి. రాసిన కమ్మను చుట్టగా చుట్టి పంపేవారు. దక్కన్‌లో ముస్లిం రాజవంశాల పాలనతో కాగితం తయారీ స్థిరపడిన తరువాత, దౌలతాబాద్ సమీపంలోని కాగజీపురా వంటి ఊళ్లలో ఆ వృత్తినే నమ్ముకున్న కుటుంబాలు ఏర్పడ్డాయి. తెలంగాణలో కోరుట్ల అటువంటి చోటు. 20వ శతాబ్ది తొలినాళ్ల గెజిటీరు, అక్కడ తయారయ్యే ముతక కాగితాన్ని పట్వారీలు, అంటే గ్రామ కరణాలు, లెక్కల పుస్తకాలకు వాడేవారని నమోదు చేసింది. పాత గుడ్డపీలికలను, నారను నానబెట్టి, దంచి, ఆ గుజ్జును తొట్టిలో నీళ్లతో కలిపి, గడ్డిపుల్లల జల్లెడతో పలుచని పొరగా పైకెత్తి, ఆరబెట్టి, సిరా పాకకుండా గంజి పూసి, నున్నని రాతితో మెరుగు పెట్టడం ఆ పని క్రమం. గుర్తుంచుకోవలసినదేమంటే, ఆనాడు చేతికాగితం అలంకార వస్తువు కాదు. పన్నుల లెక్కలకూ దస్తావేజులకూ వాడిన మామూలు సరుకు. మిల్లు కాగితం చౌకగా రావడంతో ఈ వృత్తి క్షీణించింది.

తెలుగు అక్షరాలు అచ్చులోకి ముందుగా మతప్రచారకుల చేతుల మీదుగా వచ్చాయి. బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అయితే శుభలేఖ వంటి ఇంటి అవసరాలకు అచ్చు అందుబాటులోకి రావాలంటే స్వదేశీయుల ముద్రణాలయాలు కావాలి. ముద్రణపై ఉన్న ఆంక్షలను 1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్ మెట్‌కాఫ్ తొలగించడంతో ఆ దారి తెరుచుకుంది. మద్రాసులో వావిళ్ల రామస్వామిశాస్త్రులు 1854లో ముద్రణాలయం స్థాపించారు. ఆ తరువాతి దశాబ్దాలలో రాజమండ్రి, బందరు, బెజవాడ, గుంటూరు వంటి పట్టణాలకు చిన్న అచ్చాఫీసులు విస్తరించాయి. పుస్తకాలూ పత్రికలూ ఏడాది పొడవునా పని ఇవ్వలేవు కనుక కరపత్రాలు, రసీదు పుస్తకాలు, పెళ్లి పత్రికలు వాటికి ఆధారమయ్యాయి. ఈ చిల్లర పనిని సాహిత్య చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు గాని, అది లేకపోతే అనేక ముద్రణాలయాలు గ్రంథాలు అచ్చువేసేంత కాలం నిలిచి ఉండేవి కావు.

సీసపు అక్షరాలతో తెలుగు శుభలేఖను కూర్చడం శ్రమతో కూడిన పని. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలతో సరిపోతే, తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాల రూపాలు, వత్తులు కలిసి కొన్ని వందల రకాల అచ్చుముక్కలు కావాలి. కంపోజిటరు, అంటే అక్షరాలు కూర్చే పనివాడు, గళ్ల పెట్టె ముందు నిలబడి, ఒక్కొక్క ముక్కను ఏరి, తలకిందులుగా చదువుకుంటూ వరుస పేర్చేవాడు. పేర్చిన దాన్ని ఇనుప చట్రంలో బిగించి, ట్రెడిల్ అనే కాలితో తొక్కే యంత్రంలో ఉంచితే, ఒక్కొక్క కార్డునూ చేత్తో అందిస్తూ, అచ్చయిన దాన్ని చేత్తోనే తీస్తూ వందల ప్రతులు ముద్రించేవారు. యంత్రపు పని అని పేరేగాని ప్రతి కార్డూ మనిషి చేతిలో రెండుసార్లు పడేది.

శుభలేఖ భాష గడ్డకట్టినట్లు ఒకే తీరున నిలిచిపోవడానికి ఈ పద్ధతి కూడా ఒక కారణం. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అన్న శీర్షికలనూ, బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి చందన తాంబూలాలు స్వీకరించవలసిందని ప్రార్థించే ముగింపు వాక్యాలనూ ప్రతిసారీ కొత్తగా కూర్చడం దండగ. వాటిని విప్పకుండా కట్టి పక్కన ఉంచుకొని, పేర్లు, ముహూర్తం, వేదిక మాత్రం మార్చుకుంటే పని తొందరగా తెమిలేది. సాహిత్య భాష గ్రాంథికం నుంచి వ్యావహారికానికి మారినా, పెళ్లి పత్రిక మాత్రం చాలాకాలం గ్రాంథికంలోనే పలకడంలో భక్తిగౌరవాలతో పాటు కంపోజింగు బల్ల సౌకర్యమూ ఉన్నది. పెళ్లికూతురి పేరుకు ముందు వేసే చి.ల.సౌ. అనే పొడి అక్షరాలు, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, చోటు పొదుపు చేసే సంక్షిప్తాలే.

ఈ పాత కార్డులు చరిత్రకారుడికి విలువైన ఆధారాలు, కొంత జాగ్రత్తతో చదవవలసినవి కూడా. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే వేసి ఇంగ్లీషు తేదీ వేయని కార్డుకు అరవై ఏళ్ల సందిగ్ధం ఉంటుంది: ప్రభవ నామ సంవత్సరమని ఉంటే అది 1927లో మొదలైనదీ కావచ్చు, 1987లో మొదలైనదీ కావచ్చు. అప్పుడు కాగితం రకం, అక్షరాల తీరు, వరుడి పేరు పక్కన వేసిన పట్టాలు, ఉద్యోగాలు కాలనిర్ణయానికి తోడ్పడతాయి. ఒకప్పుడు పిలిచేది తండ్రి పేరుతోనే. తల్లి పేరు ఆ వరుసలోకి వచ్చి చేరడం తరువాతి మార్పు.

అలంకరణ వేరొక దారిలో వచ్చింది. రాతిపై జిడ్డు సిరాతో గీసిన బొమ్మను కాగితంపైకి దించే శిలాముద్రణ, అంటే లితోగ్రఫీ, రంగుల దేవతా చిత్రాలను సామాన్యుల గోడల మీదికి తెచ్చింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ఈ మార్పులో ప్రధానమైనది. అక్కడి లక్ష్మీ సరస్వతుల రూపాలు పటాలు, క్యాలెండర్ల ద్వారా జనానికి పరిచయమై, శుభలేఖలపై కనిపించే దేవతల రూపురేఖలనూ ప్రభావితం చేశాయి. చిన్న అచ్చాఫీసులకు రంగుల లితో అందుబాటులో ఉండేది కాదు గనుక, జింకు రేకుపై చెక్కించిన బొమ్మలను, అంటే బ్లాకులను, కొని దాచుకొని వినాయకుడు, కలశం, మంగళవాద్యాలు, సీతారామ కల్యాణం అవసరాన్ని బట్టి వాడేవారు. బంగారు అక్షరాలు కావాలంటే పని మరింత సున్నితం: ముందుగా జిగురు వార్నిషుతో ముద్రించి, అది తడిగా ఉండగానే కంచు పొడిని దూదితో అద్ది, ఆరిన తరువాత మిగిలిన పొడిని దులిపి తుడవాలి. సీతమ్మ దోసిట కెంపులుగా, రాముడి తలపై మల్లెలుగా, ఆయన నల్లని మేని మీదుగా జారుతూ నీలాలుగా తోచిన తలంబ్రాల ముత్యాలను కీర్తించే ప్రసిద్ధ సంస్కృత శ్లోకం తెలుగు శుభలేఖలలో విరివిగా కనిపిస్తుంది. మూడు రంగుల మాయను వర్ణించే ఆ శ్లోకం ఎన్నో ఏళ్లు ఒకే రంగు సిరాలో అచ్చయింది, అయినా పాఠకులు దాన్ని రంగుల్లోనే చూడగలిగారు.

అచ్చు పని ముగిశాక కార్డులు ఇల్లు చేరేవి, అక్కడ ఇంకొక విడత చేతిపని మొదలయ్యేది. ఇంటిల్లిపాదీ కూర్చొని ప్రతి కార్డు మూలలకూ తడి పసుపు, కుంకుమ అద్దేవారు. చదవడం రానివారికి సైతం వచ్చినది శుభవార్త అని ఆ పసుపే చెప్పేది. మొదటి కార్డు దేవుడి ముందు పెట్టడం ఆచారం. తిరుమలకు తపాలాలో శుభలేఖ పంపిన కుటుంబాలకు దేవస్థానం అక్షింతలు, కుంకుమ పంపే ఏర్పాటు కూడా ఉన్నది. ఇక తపాలా లేకపోతే శుభలేఖ ఇంతగా విస్తరించేది కాదు. 1854లో దేశమంతటికీ ఒకే రుసుము వచ్చింది, 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చింది. అచ్చు పత్రాలను మూయని కవరులో తక్కువ రుసుముతో పంపే బుక్ పోస్టు పద్ధతి పెళ్లివారికి ఎంతో కలిసివచ్చింది. మద్రాసులోనో బొంబాయిలోనో కొలువు చేస్తున్న బంధువుకు మనిషిని పంపడం అసాధ్యం, కార్డును పంపడం సులభం. బొట్టు పెట్టి పిలవడంలోని చేతి స్పర్శ, దూరాన ఉన్నవారి విషయంలో ఆ పసుపు మరకలోకి చేరింది.

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తాబజార్ మరొక కథ చెబుతుంది. ఉర్దూలో పెళ్లి పిలుపును అక్కడ రుఖా అంటారు. ఉర్దూకు వాడే నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి ఒరుగుతూ సాగుతాయి కనుక వాటిని సీసపు ముక్కలుగా విడదీయడం చాలా కష్టమైంది. అందుచేత కాతిబు, అంటే లేఖకుడు, రెల్లు కలంతో రాసిన రాతనే ముద్రణకు ఎక్కించేవారు. తెలుగు శుభలేఖ వంద ఏళ్లకు పైగా సీసపు అక్షరాలతో నడుస్తుండగా, అదే నగరంలో ఉర్దూ పత్రిక చేతిరాతగానే నిలిచింది. 1981లో వెలువడిన నూరీ నస్తాలీఖ్ అక్షరరూపం, 1990లలో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ లేఖకుల జీవనాధారాన్ని దెబ్బతీశాయి. దక్కన్‌లో పెళ్లి పత్రికలకు సంబంధించిన చేతికళలలో ఇంతటి నైపుణ్యం గలది మరొకటి లేదు, దాని నష్టమే అన్నిటికంటె పెద్దది.

తెలుగు కార్డును మార్చింది శివకాశి. తమిళనాట వర్షాభావ ప్రాంతమైన ఆ ఊరి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. అగ్గిపెట్టెలకు, ఆపై టపాకాయలకు రంగుల లేబుళ్లు కావలసి రావడంతో అక్కడ ముద్రణ పరిశ్రమ పుట్టి, క్యాలెండర్లకూ పెళ్లి కార్డులకూ విస్తరించింది. బొమ్మలు, అంచులు ముందే రంగుల్లో అచ్చయి, మాటల కోసం చోటు ఖాళీగా ఉంచిన కార్డులు అక్కడి నుంచి తెలుగు పట్టణాలకు వచ్చేవి. స్థానిక అచ్చాఫీసు వాటిపై పేర్లు వేసి ఇస్తే సరిపోయేది. పెళ్లివారు నమూనాల ఆల్బమ్ ముందు కూర్చొని సంఖ్య చూసి ఎంచుకునే అలవాటు ఇలా మొదలైంది. స్థానిక బ్లాకులు మూలపడ్డాయి, ఊరికొక తీరున ఉండే పత్రికలు ఒకే పోలికకు వచ్చాయి.

ఈ ఏకరూపత నడుమ ఒక తెలుగు చేయి ప్రత్యేకంగా కనిపించింది. చిత్రకారుడు, దర్శకుడు బాపు (1933–2014) గీసిన పెళ్లి బొమ్మలు, తలంబ్రాలు, పల్లకీలు, వాలుజడల పెళ్లికూతుళ్లు శుభలేఖలపైకి చేరాయి. ఆయన చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా మారి, గుండ్రని సీసపు అక్షరాలకు అలవాటైన కార్డులకు ఒక కదలికను ఇచ్చింది. యంత్రం మీద అచ్చయినా, ఇది ఎవరో రాసినది అని అనిపించడం ఆ రాత గొప్పతనం.

ఇక కాగితం సంగతి. 1934లో గాంధీజీ ప్రోద్బలంతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, జె.సి. కుమారప్ప సారథ్యంలో, వార్ధా కేంద్రంగా చేతికాగితానికి మళ్లీ ప్రాణం పోసింది. స్వాతంత్ర్యానంతరం ఖాదీ సంస్థలు ఆ బాధ్యత తీసుకున్నాయి. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో 1959లో ఒక కాగితపు కేంద్రం మొదలైంది. జైపూర్ సమీపంలోని సంగనేరులో కాగితం వృత్తివారైన కాగజీ కుటుంబాలు బనియన్ల బట్టల కత్తిరింపుల నుంచి కాగితం తీస్తూ పెద్ద వ్యాపారంగా మలిచాయి. ఈ ముతక కాగితం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక ప్లేటు నుంచి అచ్చువేస్తూ వేగంగా తిరిగే ఆఫ్‌సెట్ యంత్రాలకు అనువు కాదు. దాని మీద పనికి వచ్చినది స్క్రీన్ ప్రింటింగ్: చెక్క చట్రానికి బిగించిన సన్నని వల మీద బొమ్మ లేని చోట్లను మూసివేసి, రబ్బరు పట్టీతో సిరాను చేత్తో లాగితే, సిరా కాగితంపై దళసరిగా నిలుస్తుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చట్రం కావాలి. ఇదే పద్ధతి చేనేత బట్ట ముక్కల మీద, పలుచని చెక్క మీద కూడా పనిచేస్తుంది. పెడనలో కలంకారీ అద్దకానికి చెక్కే టేకు అచ్చుల నమూనాలు, చేర్యాల పటచిత్రాల ఎర్రని నేపథ్యం నేటి రూపకర్తలకు వనరులయ్యాయి. గుజ్జులో తులసి, బంతి వంటి విత్తనాలు కలిపి, చదివిన తరువాత మట్టిలో నాటదగిన కాగితాన్ని తయారు చేయడం వీటిలో సరికొత్తది.

ఈ కొత్త వృత్తికి ఊతమిచ్చినది, విచిత్రంగా తోచినా, సెల్‌ఫోనే. దూరపు బంధువులకు, కొలీగులకు పిలుపు వీడియోగానో బొమ్మగానో వాట్సాప్‌లో వెళ్లిపోతున్నది. దాంతో అచ్చు పత్రిక దేవుడికి, ఇంటి పెద్దలకు, స్వయంగా వెళ్లి పిలవవలసిన దగ్గరివారికి పరిమితమవుతున్నది. వెయ్యి కార్డులు అచ్చువేయవలసిన కాలంలో ఒక్కొక్కటి చేత్తో చేయడం గిట్టుబాటు కాదు. యాభయ్యో వందో చాలినప్పుడు ఆఫ్‌సెట్ యంత్రానికి ప్లేటు తయారుచేసే ఖర్చు ఎక్కువై, స్క్రీన్ చట్రం, చెక్క అచ్చు, కలం చౌకబడతాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సైతం కొన్ని పదుల పత్రికలను హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించి, స్వదేశం వచ్చినప్పుడు తమతో తీసుకువెళ్తున్నాయి. వాటి మూలలకు పసుపు అద్దే పని మాత్రం ఏ రూపకర్తకూ అప్పగించరు, ఇంటివారే చేసుకుంటారు.