చెరిపి రాసుకునే చిప్

నిజామాబాద్ జిల్లా వర్ని చుట్టుపక్కల పొలాల్లో బోరు మోటరు పక్కన ఒక ఇనుప డబ్బా కనిపిస్తుంది. స్టార్టర్ డబ్బా అంటారు. పచ్చ బటన్, ఎర్ర బటన్, లోపల కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే. వీటికి తోడుగా చాలా డబ్బాల్లో అరచేయంత కూడా లేని ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరు వైండింగ్ కాలకుండా ఆపేది, కరెంటు తిరిగి రాగానే రైతు ఇంట్లో నిద్రపోతున్నా మోటరు వేసేది అదే. దాన్ని ఆటో స్టార్టర్ అంటారు. పాత రకాల్లో ఈ పనంతా రిలేలు, టైమర్లు చేసేవి. సెల్‌ఫోన్‌కు లొంగే కొత్త రకాల్లో ఒక నల్లటి చిప్ చేస్తుంది. ఆ చిప్ పేరు మైక్రోకంట్రోలర్.

మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టులో ఉన్న ఊరికి బోర్లతో పనేమిటని బయటివాళ్లు అడగొచ్చు. కాలువ మొదట్లో వచ్చినట్టు చివర్లో నీళ్లు రావు. ప్రాజెక్టు నిండని ఏడు యాసంగి వరికి బోరే దిక్కు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో ఆటో స్టార్టర్ లేని రైతు చీకట్లో, తడి గట్ల మీద, పాములకూ షాకులకూ భయపడుతూ డబ్బా దాకా నడవాల్సి వచ్చేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక మాట తిరగబడింది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. మోటరు రాత్రింబవళ్లు దానంతటదే నడుస్తుంటే భూగర్భ జలం అడుగంటుతుందని భయం. స్టార్టర్ డబ్బాలోని ఒక సర్క్యూట్ గురించి ముఖ్యమంత్రి ఊరూరికీ విజ్ఞప్తి చేయాల్సి రావడం అరుదైన సంగతే.

ఆ సర్క్యూట్‌లోని చిప్ వంశం 1971లో అమెరికాలో మొదలైంది. ఆ ఏడు ఇంటెల్ కంపెనీ 4004 అనే మైక్రోప్రాసెసర్‌ను బయటపెట్టింది. బిజికామ్ అనే జపాన్ కాలిక్యులేటర్ల కంపెనీ కోసం తయారైన చిప్ అది. లెక్క చేయడం వరకే దాని పని. ప్రోగ్రాం దాచుకునే మెమొరీ, బయటి మీటలతో దీపాలతో వ్యవహరించే సర్క్యూట్లు వేరే చిప్‌లలో ఉండేవి. అదే ఏడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గ్యారీ బూన్, మైఖేల్ కాక్రన్ అనే ఇంజనీర్లు ఇవన్నీ ఒకే సిలికాన్ ముక్కలో సర్దేశారు. అదే మైక్రోకంట్రోలర్. 1974లో టీఎంఎస్ 1000 పేరుతో అది బయటి మార్కెట్‌కు వచ్చింది. దాని ప్రోగ్రాం ఫ్యాక్టరీలోనే, చిప్ తయారయ్యేటప్పుడే అచ్చుపడిపోయేది. ఒక్క తప్పు దొర్లినా ఆ బ్యాచ్ మొత్తం చెత్తబుట్టకే. అందుకే వేలల్లో ఆర్డరు ఇచ్చే కాలిక్యులేటర్ల, ఆటబొమ్మల కంపెనీల లాంటివాటికి తప్ప ఇంకెవరికీ అది అందలేదు.

మైక్రోకంట్రోలర్ కుటుంబాలను వేగం, బిట్లు, మెమొరీ అంకెలతో పోల్చే పట్టికలకు కొదవ లేదు. అవి అవసరమే. కానీ ఈ చిప్‌ల చరిత్రను నడిపింది వేరే లెక్క అని నాకు అనిపిస్తుంది: రాసిన ప్రోగ్రాం తప్పని తేలితే చెరిపి మళ్లీ రాయడానికి ఎంతసేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది? శిలాశాసనం చెక్కించడం నుంచి పలక మీద రాసుకోవడం దాకా సాగిన ప్రయాణమిది. చెరపడం చౌకైన ప్రతిసారీ చిప్ ఇంకొంచెం చిన్నవాడి చేతికి దిగింది.

మొదటి మెట్టు ఎక్కించింది వెలుతురు. అతినీలలోహిత కాంతితో చెరిపేయగల మెమొరీని ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టాడు. ఇంటెల్ 1976లో 8048 అనే మైక్రోకంట్రోలర్ తెచ్చినప్పుడు, దాని తోబుట్టువు 8748 నెత్తిన ఒక చిన్న గాజు కిటికీ పెట్టింది. చిప్‌ను ఊడదీసి, అతినీలలోహిత దీపం కింద పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచితే పాత ప్రోగ్రాం పోయేది. పని పూర్తయ్యాక ఎండ తగలకుండా ఆ కిటికీకి స్టిక్కర్ అంటించేవాళ్లు. అయినా కిటికీ చిప్ ఖరీదైనది, దీపం ఉన్న పెట్టె అంతకన్నా.

1980లో వచ్చిన 8051 మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు దాదాపు ఇంటిపేరు. జాన్ వార్టన్ దాని రూపశిల్పి. నలభై కాళ్లు, 4 కిలోబైట్ల ప్రోగ్రాం మెమొరీ, 128 బైట్ల ర్యామ్. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి ఆ ర్యామ్‌లో ఈ వాక్యం కూడా పట్టదు. అంత ఇరుకులోనే టైమర్లు, సీరియల్ పోర్టు, ఇంటరప్టులు అన్నీ కాపురం చేశాయి.

8051 నేర్చుకున్న ప్రతివాడికీ 11.0592 అనే అంకె గుర్తుంటుంది. చిప్ పక్కన బిగించే క్రిస్టల్ మెగాహెర్ట్జ్ లెక్క అది. సుబ్బరంగా 12 పెట్టుకోక ఈ దశాంశాల గోల దేనికని వైవాలో అడుగుతారు. ఆ చిప్ క్రిస్టల్ వేగాన్ని 12తో, సీరియల్ పోర్టు కోసం మళ్లీ 32తో, టైమర్‌లో మనం పెట్టిన సంఖ్యతో భాగిస్తుంది. 11.0592ను 12తో, 32తో, 3తో భాగిస్తే సెకనుకు సరిగ్గా 9600 బిట్లు. 12 మెగాహెర్ట్జ్‌తో అదే లెక్క వేస్తే 10,416 దగ్గర తేలుతుంది, అవతలి పరికరానికి మన మాట అర్థం కాదు. సిమ్ కార్డు పెట్టే జీఎస్‌ఎం మాడ్యూల్‌తో 9600 వేగంతో మాట్లాడాలంటే ఈ వంకర అంకె కావాల్సిందే. సెల్‌ఫోన్‌తో సాగునీటి మోటరు నడపడం మన కాలేజీల్లో ఏళ్ల తరబడి ఫైనలియర్ ప్రాజెక్టుగా తిరిగి తిరిగి వచ్చింది. విడిభాగాలు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో, ఓపిక లేనివాళ్లకు తయారైన ప్రాజెక్టు మొత్తం అమీర్‌పేటలో. పొలం మొహం చూడని బోర్డులు మార్కులు తెచ్చుకుని అటక మీదికి చేరాయి. అయినా 8051తో చేయి తిరిగిన ఒక తరం అలాగే తయారైంది.

ఆ తరం చేతిలోకి 8051 రావడానికి కారణం ఇంటెల్ కాదు, అట్మెల్. కరెంటుతోనే చెరిగిపోయే ఫ్లాష్ మెమొరీని 8051లో పెట్టి 1993లో ఆ కంపెనీ కొత్త రకం తెచ్చింది. కిటికీ లేదు, దీపం లేదు, క్షణాల్లో పని. ఏటీ89సీ51 అనే ఆ రకాన్ని వెయ్యిసార్లు చెరిపి రాయొచ్చు. అదే ఏడు మైక్రోచిప్ కంపెనీ పిక్16సీ84 అనే చిప్‌తో దాదాపు ఇదే సౌకర్యం ఇచ్చింది. ఈ పిక్ కుటుంబం కథ సరదాగా ఉంటుంది. 1970ల మధ్యలో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే కంపెనీ తన 16 బిట్ల ప్రాసెసర్‌కు చేతికింద పనివాడిగా ఒక చిన్న చిప్ చేసింది. యజమాని ప్రాసెసర్‌ను ఇవాళ తలచుకునేవాళ్లు లేరు, పనివాడి సంతతి మాత్రం కోట్లలో అమ్ముడవుతోంది.

ఇంతా అయ్యాక కూడా ఒక అడ్డు మిగిలింది. చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించడానికి ప్రోగ్రామర్ అనే వేరే పరికరం కొనాలి. కంపైలర్ కొనాలి, లేదా రెండు కిలోబైట్లు దాటనివ్వని ఉచిత నమూనాతో సర్దుకోవాలి. ఆ అడ్డు తీసింది ఎలక్ట్రానిక్స్ కాలేజీ కాదు, ఇటలీలోని ఇవ్రేయా పట్నంలో ఉన్న ఒక డిజైన్ బడి. అక్కడ చదువుకున్న హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి 2003లో వైరింగ్ అనే బోర్డు, దానికో తేలిక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్లెస్ తదితరులు దాన్ని ఇంకా చౌక చేసి ఆర్డుయినో అని పేరు పెట్టారు. ఆ ఊరి పాత రాజు పేరుతో ఉన్న ఒక బార్ నుంచి వచ్చిన పేరది. బర్రగాన్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా అభిప్రాయం. మూలపురుషుణ్ని వదిలేసి వారసులకు దండలు వేయడం సాంకేతిక చరిత్రలో మామూలే.

ఆర్డుయినోలో వాడిన చిప్ అట్మెల్‌వారి ఏవీఆర్ కుటుంబానిది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వెగార్డ్ వోలన్ అనే ఇద్దరు విద్యార్థుల ఊహ అది. 2010లో వచ్చిన ఊనో బోర్డులో ఆ కుటుంబపు ఏటీమెగా328పీ ఉంటుంది. 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్, 16 మెగాహెర్ట్జ్. అంకెలు చూస్తే గొప్పేమీ లేదు. గొప్పంతా ఆ ఫ్లాష్‌లో అర కిలోబైటు ఆక్రమించిన బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాంలో ఉంది. యూఎస్‌బీ తీగ తగిలిస్తే చాలు, చిప్ తన ప్రోగ్రాంను తానే చెరుపుకుని కొత్తది రాసుకుంటుంది. పది వేలసార్లు. డిజైన్ కూడా బహిరంగం కావడంతో చైనా నకళ్లు కుప్పలుగా వచ్చాయి, అసలు ధరలో చిన్న వంతుకే ఊనో మన బడిపిల్లల దాకా చేరింది. 2016లో అట్మెల్‌ను మైక్రోచిప్ కొనేసింది. అలా పిక్, ఏవీఆర్ అనే పాత పోటీదారులు ఒకే ఇంటి బిడ్డలయ్యారు. ఆర్డుయినోను కొంటున్నట్టు 2025 అక్టోబరులో క్వాల్‌కామ్ ప్రకటించింది. బహిరంగం అన్న మాటను కొత్త యజమాని ఎంతకాలం గౌరవిస్తారో చూడాలి.

షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ8266 కథ అనుకోని మలుపు. 2014లో అది వేరే మైక్రోకంట్రోలర్లకు వైఫై తగిలించే మాడ్యూల్‌గా అమ్మకానికి వచ్చింది. ఊనోకు వైఫై కోసం కొన్నవాళ్లు లోపలున్న చిప్ ఊనో కన్నా బలమైనదని, దాన్నే నేరుగా ప్రోగ్రాం చేయొచ్చని గుర్తించారు. నౌకరుగా వచ్చింది దొరైంది. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32లో 240 మెగాహెర్ట్జ్ వేగంతో రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. 2007లో మొదలైన ఎస్‌టీఎం32 కుటుంబం పరిశ్రమల దారిలో పెరిగింది. కొత్తవాళ్లకు కొరకరాని కొయ్య, చేయి తిరిగినవాళ్లకు బంగారం. 2021 జనవరిలో ప్రపంచమంతా చిప్‌ల కరువుతో అల్లాడుతుంటే రాస్ప్‌బెర్రీ పై సంస్థ నాలుగు డాలర్ల పీకో బోర్డు తెచ్చింది. పీకో ఇంకో మెట్టు దించింది: బటన్ నొక్కి యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ప్రోగ్రాం ఫైలును దానిలోకి లాగి పడేస్తే సరి.

చెరిపే సౌకర్యమే చిప్‌ను అందరికీ చేర్చిందన్నాను. కానీ చెరగకపోవడమే గొప్పగా చెప్పుకునే యంత్రం ఒకటి వర్ని ప్రతి ఓటరు వేలికీ తగిలింది. ఓటింగ్ యంత్రాన్ని రూపొందించడంలో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ది మొదటి నుంచీ పెద్ద చేయి. 1980 ఆగస్టులో పార్టీలకు దాన్ని చూపించారు, 1982లో కేరళలోని పరూరులో తొలిసారి వాడారు. ఇప్పటికీ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ రెండే తయారీదారులు. దాని మైక్రోకంట్రోలర్‌లో ఒకసారి రాసింది మళ్లీ మార్చడానికి వీల్లేదన్నది ఎన్నికల సంఘం చెప్పే ముఖ్య భరోసా. ఆ యంత్రానికి పెద్ద పరీక్ష పెట్టిందీ ఈ జిల్లా రైతులే. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది నిలిచారు. పాత ఎం2 యంత్రం గరిష్ఠంగా 64 పేర్లే మోయగలదు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు పదహారు మీటలు. నోటాతో కలిపి 186 కావాలి కాబట్టి ఎం3 యంత్రాలు తెచ్చి ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి యూనిట్లు వరుసగా కలిపారు. తమాషా ఏమిటంటే, వర్ని నిజామాబాద్ జిల్లాలో ఉన్నా ఓటు వేసేది బాన్సువాడ సెగ్మెంటు ద్వారా జహీరాబాద్ లోక్‌సభకు. పన్నెండు యూనిట్ల బారు పక్క మండలాలవాళ్లకే దక్కింది.

చిప్ డిజైన్‌లో హైదరాబాద్‌కు వేరే వాటా కూడా ఉంది. మైక్రోచిప్‌కు అక్కడ డిజైన్ కేంద్రం ఉంది. వెంకట్ మట్టెల స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ విభాగాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది. 8051 కోర్‌తో ఇప్పటికీ చిప్‌లు అమ్మే కంపెనీ అది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ తన వేగా ప్రాసెసర్‌తో తెచ్చిన ఏరీస్ బోర్డులు స్వదేశీ ప్రయత్నం. చిప్ బాగానే ఉన్నా, చిక్కు వచ్చినప్పుడు అడగడానికి పక్కన ఇంకొకరు ఉండాలి కదా, ఆ జనబలం ఇంకా రాలేదు.

ఇప్పుడు వర్నిలో ఒక పదో తరగతి పిల్ల వరిమడిలో నీటి మట్టం కొలిచే పరికరం చేయాలనుకుంటే ఏ బోర్డు కొనాలి? నన్నడిగితే ముందు ఊనో నకలు. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఐదు వోల్టుల సరుకు, ఊనోకు నేరుగా తగులుతుంది. ఈఎస్‌పీ32, పీకోలది 3.3 వోల్టుల లోకం, సెన్సర్ తిరిగి పంపే ఐదు వోల్టులను రెండు రెసిస్టర్లతో తగ్గించకపోతే పిన్ను పాడవుతుంది. ఈఎస్‌పీ32లో వైఫై ఉంది, పొలంలో వైఫై లేదు. ఇంటి ట్యాంకుకు అయితే అదే సరైన ఎంపిక. బ్యాటరీతో నెలల తరబడి నడవాలంటే ఊనో బోర్డు పనికిరాదు, ఊరికే కూర్చున్నా దాదాపు 45 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఊనో నేర్పే బోర్డు, పొలంలో ఉంచే బోర్డు కాదు. ప్రోగ్రాం కుదిరాక పెద్ద సైజు చిప్ ఉన్న ఊనో నుంచి ఏటీమెగాను సాకెట్‌లోంచి పెరికి, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో, రెండు చిన్న కెపాసిటర్లతో చుక్కల బోర్డు మీద అతికించుకోవచ్చు.

స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లేసరికి మాత్రం కుటుంబాల పోటీ పక్కకు పోతుంది. కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు తెగిన క్షణంలో లేచే వోల్టేజి ఏ చిప్‌నైనా తికమక పెడుతుంది. చిప్ బిగుసుకుపోతే తనంతట తాను మళ్లీ మొదలయ్యేలా వాచ్‌డాగ్ టైమర్ వేయాలి, సరఫరా 4.3 వోల్టుల కింద పడితే పని ఆపేలా బ్రౌన్-అవుట్ అమర్చాలి. రెండూ ఆ ఏటీమెగా చిప్‌లోనే ఉన్నాయి, పుస్తకాల్లో చివరి అధ్యాయంలో ఉంటాయి కాబట్టి ఎవరూ వాడరు. సిమ్ మాడ్యూల్ సిగ్నల్ పంపేటప్పుడు రెండు ఆంపియర్ల దాకా ఒక్కసారిగా లాగుతుంది. చిప్ పిచ్చిదని తిట్టుకుని బోర్డు మార్చే ముందు, దానికి కరెంటు ఇస్తున్న ఫోను చార్జరు మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూడండి.