ఖాకీ కొలువు, కువైట్ దారి

కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేటులో అల్ రాయ్ ఒక వర్తక, పారిశ్రామిక ప్రాంతం. గిడ్డంగులు, విక్రయశాలలు, శుక్రవారపు సంత, అవెన్యూస్ మాల్ ఉన్నది అక్కడే. కువైట్‌కు వలస వెళ్ళిన తెలుగువారిలో ఉమ్మడి కడప, గోదావరి జిల్లాలవారు ఎక్కువ. ఇటువంటి చోట్ల కూలికి చేరే యువకుల వయసే, స్వస్థలాలలో పోలీసు ఎంపికల కోసం తెల్లవారుజామున 1600 మీటర్ల పరుగు సాధన చేసేవారి వయసు కూడా. ఒకే తరం ముందున్న ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూస్తే, పోలీసు కొలువు యువతను ఎందుకు ఆకర్షిస్తుందో, ఎక్కడ నిరుత్సాహపరుస్తుందో బోధపడుతుంది.

ఈ ఉద్యోగానికి పుట్టుకతోనే అపకీర్తి అంటుకుంది. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు, నేరవిచారణ ఒకే ఉద్యోగుల చేతిలో ఉండేవి. వారు రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలపై నియమించిన సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. ఆ తరువాతనే 1859 చట్టంతో అక్కడ ప్రత్యేక పోలీసు వ్యవస్థ ఏర్పడింది. 1861 చట్టం వలస భారతానికంతటికీ నమూనా అయింది. అయినా, ప్రజలు పోలీసులను అవినీతిపరులుగా, పీడకులుగా చూస్తున్నారని 1902–03 నాటి ఫ్రేజర్ కమిషన్ ఒప్పుకోక తప్పలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసినప్పుడు మన్యం ప్రజల దృష్టిలో ఠాణా పరప్రభుత్వానికి ప్రతిరూపం.

స్వాతంత్ర్యానంతరం ఆ భయం పూర్తిగా పోలేదు. కాని దాని పక్కనే ఆశ మొలిచింది. వానను నమ్ముకున్న సేద్యం మీద బ్రతికే కుటుంబానికి నెలనెలా వచ్చే ప్రభుత్వ జీతం పెద్ద ఆసరా. ఊళ్ళో గౌరవం, అన్యాయాన్ని అడ్డుకోగల అధికారం దానికి తోడు. 2022లో తెలంగాణ ప్రకటించిన పోలీసు నియామకాలకు ఏడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేసుకున్నారు; వారిలో సుమారు అయిదోవంతు స్త్రీలు. ఆదర్శపురుషుల ప్రభావమూ తక్కువ కాదు. కడప జిల్లా ఎస్పీగా పేరు తెచ్చుకున్న ఉమేశ్ చంద్రను 1999 సెప్టెంబరు 4న హైదరాబాదులో మావోయిస్టులు కాల్చిచంపారు. ఆయన జీవితం కొందరిని ఈ వృత్తిలోకి పిలిచింది. ఆయన మరణం ఎందరో తల్లిదండ్రులను భయపెట్టి ఉంటుంది.

నిరుత్సాహానికి తొలి కారణం వృత్తిలోనే ఉంది. జాతీయ పోలీసు కమిషన్ 1979లో ఇచ్చిన తొలి నివేదిక ప్రధానంగా కానిస్టేబుళ్ళ గురించే. నైపుణ్యం లేని కూలీతో సమానంగా వారి జీతాన్ని లెక్కకట్టడం సరికాదని అది చెప్పింది. పండుగపూట ఇంటికి దూరమైన విధులు, వేళాపాళా లేని పనిగంటలు, నిద్రలేమి, దశాబ్దాలు గడిచినా ఒకటి రెండు మెట్లు దాటని పదోన్నతి నేటికీ మిగిలిన సమస్యలే.

రెండవ కారణం నిరీక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబులు ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో. ఇరవై రెండేళ్ళకు సిద్ధమైన దేహదారుఢ్యాన్ని మూడేళ్ళు నిలుపుకోవడానికి తిండి, సాధన, ఖర్చు కావాలి. ఈ లోపల అప్పు పెరుగుతుంది. వీసా మాత్రం అంతకాలం ఆగనక్కర లేదు.

అయితే ఆ దారిలో దొరకనిది ఒకటున్నది. కువైట్ పోలీసు కొలువు ఆ దేశ పౌరులది. పౌరసత్వం లేని బిదూన్లు 1990 ఇరాకు దురాక్రమణకు పూర్వం అక్కడి సైన్యంలో, పోలీసులో పెద్ద సంఖ్యలో పనిచేశారు. యుద్ధానంతరం వారిలో చాలామందిని తొలగించారు. పౌరసత్వపు అండ లేనివారికి ఆ కొలువు ఎంత అస్థిరమో ఈ చరిత్ర చూపుతుంది. వలస వెళ్ళిన తెలుగు యువకుడికి అక్కడ జీతం దొరకవచ్చు, పౌరుడి స్థానం దొరకదు. స్వదేశంలో ఖాకీ ఇవ్వగలిగినది ఆ స్థానమే. దానిని కోరి వచ్చినవారిని ఏళ్ళ తరబడి గుమ్మం బయట నిలబెట్టి, యువతకు సేవాభావం తగ్గిందనడం న్యాయం కాదు.