గుంట, దిన్నె, తిప్ప: బోగోలు కథ



చరిత్ర అనగానే మనకు కోటలూ, రాజులూ గుర్తుకొస్తారు. కోటా రాజూ లేని ఊళ్ళకు చరిత్ర ఉండదా? ఎందుకుండదూ! నెల్లూరు జిల్లా బోగోలునే చూడండి. నెల్లూరుకూ కావలికీ మధ్య, సముద్రతీరానికి దగ్గరలో ఉన్న ఊరు. కావలి తాలూకాలోని ఈ ఊరు 1985లో మండలాలు వచ్చినప్పుడు మండల కేంద్రమయింది.

చుట్టుపక్కల పేర్లు వింటే చాలు, ఆ నేల మన కళ్ళకు కడుతుంది. బిట్రగుంటలో నీటిగుంట ఉంది. జువ్వలదిన్నెలో మెరక ఉంది. కప్పరాళ్ళతిప్పలో తిప్ప ఉంది. కొండబిట్రగుంటలోనేమో కొండ మీద ప్రసన్న వేంకటేశ్వరస్వామి కొలువున్నాడు. పేర్లు పెట్టినవాళ్ళు నేలను చూసి పెట్టారు. ఆ నేల మీద బతికినవాళ్ళ సంగతి మాత్రం పేర్లలో దొరకదు, మనం అడిగి తెలుసుకోవలసిందే.

ఒకప్పుడు ఈ తీరానికి రహదారి బకింగ్‌హాం కాలువే. ఉప్పూ, కట్టెలూ పడవల్లో మద్రాసు చేరేవి. 1899లో విజయవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసింది. ఆ దారి సుమారు 430 కిలోమీటర్లు. దానికి ఇంచుమించు నడిమధ్యన ఉంది బిట్రగుంట. ఆవిరి ఇంజనుకు బొగ్గూ నీళ్ళూ కావాలి, నడిపేవాళ్ళకు విశ్రాంతి కావాలి. అందుకే ఇక్కడ పెద్ద లోకోషెడ్డూ, యార్డూ, రైల్వే కాలనీ వెలిశాయి. డ్రైవర్లూ, ఫైర్‌మన్లూ రాత్రనక పగలనక డ్యూటీకి వెళ్తుంటే, ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేళకాని వేళ క్యారియర్లు సర్దేవారు. 1980 నాటికి ఈ దారంతా కరెంటు రైళ్ళు వచ్చాయి. బొగ్గు అక్కరలేని రైలు ఇక్కడ ఆగనక్కరలేదు కదా! షెడ్డు మూతపడింది, కాలనీ కళ తగ్గింది.

ఇక కప్పరాళ్ళతిప్ప కథ వేరు. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అనే చట్టమది! అలా ముద్ర వేసిన కుటుంబాలను ఉంచిన సెటిల్మెంట్లలో ఈ తిప్ప ఒకటి. హాజరు పలకాలి, అనుమతి చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు. చంటిబిడ్డతో పుట్టింటికి వెళ్ళాలన్నా చీటీ కావాలంటే ఆ తల్లి మనసెలా ఉండేదో ఊహించండి. యానాదుల కోసం జీవితమంతా పాటుపడిన నెల్లూరు జిల్లావారు వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ చట్టంతో పోరాడారు. 1947లో మద్రాసులోనూ, 1952లో దేశమంతటా అది రద్దయింది. చట్టం పోయినంత సులువుగా చెడ్డపేరు పోతుందా, చెప్పండి?

ఈమధ్యనే జువ్వలదిన్నె దగ్గర చేపల రేవు కట్టారు. కాలువా, రైలూ, ఇప్పుడు రేవూ! దారి మారినప్పుడల్లా బతుకుతెరువూ మారుతుంది. ఆ మార్పు ముందు తెలిసేది వంటింట్లోని బియ్యం డబ్బాకే. కాగితాలకెక్కని ఈ సంగతులు పెద్దవాళ్ళ నోటే ఉంటాయి. మీ పుట్టింటి ఊరి పేరులో గుంట ఉందో, దిన్నె ఉందో చూడండి. అక్కడివాళ్ళు ఏ పని చేసి బతికారో అమ్మమ్మనో, అత్తగారినో అడిగి, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పిల్లలకు మనమిచ్చే ఆస్తుల్లో అదీ ఒకటి.