మాజీ సైనికుల మానసిక వైద్యం: ఉత్తర తెలంగాణ

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మాజీ సైనికులకు మానసిక వైద్యం రెండు దారుల్లో అందుతుంది. ఒకటి రక్షణ శాఖ నడిపే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్, రెండోది రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులు. ఎవరు ఏ దారిన వెళ్లాలన్నది చాలామట్టుకు జబ్బును బట్టి తేలదు, సర్వీసు వదిలిన నాడు చేతికొచ్చిన కాగితాలను బట్టి తేలుతుంది. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు ముక్కలై మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. సౌలభ్యం కోసం ఇక్కడ పాత హద్దులనే తీసుకున్నాం.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర బలగాల నుంచి రిటైరైనవారిని ఊళ్లో మిలటరీవాళ్లనే అంటారు గానీ నిబంధనల ప్రకారం వారు మాజీ సైనికులు కారు. 2012 నవంబరులో కేంద్రం వారికి మాజీ కేంద్ర సాయుధ పోలీసు సిబ్బంది అనే గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపుతో ఈసీహెచ్‌ఎస్ మాత్రం రాలేదు.

పూర్వరంగం

హైదరాబాద్ రాజ్యంలో పిచ్చాసుపత్రి ఎప్పుడు మొదలైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1895లో చంచల్‌గూడ జైలు ఆవరణలో మొదలైందని కొందరు, 1907లో మరాఠ్వాడాలోని జాల్నాలో అని మరికొందరు రాశారు. మొదటిదాన్ని జైలులోని వార్డుగానూ, రెండోదాన్ని విడి వైద్యశాలగానూ లెక్కిస్తే రెండు కథనాలకూ పొత్తు కుదురుతుంది. 1953లో అది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చిందన్న విషయంలో మాత్రం పెద్దగా తేడాల్లేవు. అప్పటినుంచి చాలాకాలం పాటు ఉత్తర తెలంగాణలో ముదిరిన మానసిక వ్యాధి అంటే ఎర్రగడ్డ ప్రయాణమే. కరీంనగర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ఆదిలాబాద్ వాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగపూరే దగ్గర.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది మెదక్. ఈ రెండు జిల్లాల వంతు ఆ తర్వాతే వచ్చింది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. అందుకే ఈ ప్రాంతానికి అంకెలు చెప్పేవారిని కాస్త అనుమానంగానే వినాలి.

మెడికల్ బోర్డు

సైన్యంలో ఆరోగ్య వర్గీకరణను షేప్ అంటారు. అందులో మొదటి అక్షరం ఎస్, మానసిక స్థితికి సంబంధించినది. ఎస్‌–1 అంటే నిక్షేపంగా ఉన్నట్టు. అంకె పెరిగేకొద్దీ డ్యూటీకి పరిమితులు, చివరికి అనారోగ్యం వల్ల సర్వీసు నుంచి పంపేయడం, అంటే ఇన్‌వాలిడ్‌మెంట్. ఊరి మాటల్లో ‘బోర్డవుటై వచ్చిండు’. ఆ సమయంలో మెడికల్ బోర్డు రెండు విషయాలు తేల్చాలి: వైకల్యం ఎంత శాతం, అది సర్వీసు వల్ల వచ్చిందా లేదా సర్వీసులో ముదిరిందా. కనీసం 20 శాతం ఉండి, రెండో ప్రశ్నకు అవునన్న జవాబొస్తేనే వైకల్య పింఛను.

కాలు పోయినవాడి విషయంలో ఈ ప్రశ్న తేలిక. స్కిజోఫ్రీనియా, డిప్రెషన్ వంటివాటి దగ్గరే చిక్కంతా. అది పుట్టుకతో వచ్చిన తత్వమని బోర్డులు రాయడం, కొండల మీద ఏళ్లతరబడి కాపలా కాశాకే మొదలైందని కుటుంబాలు వాదించడం పరిపాటి. 2013 జులైలో సుప్రీంకోర్టు ఒక స్కిజోఫ్రీనియా కేసులో బోర్డు అభిప్రాయాన్ని యాంత్రికంగా ఒప్పుకోవడాన్ని తప్పుపట్టి మళ్లీ పరీక్షించమంది. 2019 అక్టోబరులో అదే కోర్టు మరో కేసులో భిన్నంగా తీర్పిచ్చింది: చేర్చుకునేటప్పటి పరీక్షల్లో బయటపడనంత మాత్రాన మానసిక వ్యాధి సర్వీసు వల్లే వచ్చిందని అనుకోలేమంది. 2025 మేలో మాత్రం కారణాలు రాయని బోర్డు నివేదిక చెల్లదంటూ మాజీ సైనికుడి వైపు నిలిచింది. ఈ మూడింటికీ మధ్య వైరుధ్యం ఉందని న్యాయవాదులు అంటారు. నివేదికలో కారణాలు ఉన్నాయా లేవా అన్నదే అసలు మలుపని చూస్తే వైరుధ్యం కొంత తగ్గుతుంది.

సర్వీసు వల్ల కాదని తేలి, పదేళ్ల సర్వీసు కూడా నిండనివారికి లోగడ ఒకసారి ఇచ్చే గ్రాట్యుటీ తప్ప పింఛను లేదు. 2020 జులైలో ఆ పదేళ్ల నియమాన్ని సడలించారు గానీ, 2019 జనవరి 4 నాటికి లేదా ఆ తర్వాత సర్వీసులో ఉన్నవారికే అది వర్తిస్తుంది. అంతకుముందు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో బోర్డవుటై వచ్చినవారు ఈ సడలింపుకు వెలుపలే మిగిలారు. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త అర్హతా నిబంధనలను మాజీ సైనికుల సంఘాలు వ్యతిరేకించాయి.

మద్యం సంగతి వేరే చెప్పుకోవాలి. సైనిక క్యాంటీన్ మద్యం కోటా రిటైరయ్యాక కూడా కొనసాగుతుంది. నిద్రపట్టక తాగేవాడికి, తాగి నిద్ర చెడిన వాడికి తేడా కనిపెట్టడం నిపుణులకే కష్టం. అతిగా తాగడం వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం లేదని వైద్యాధికారుల మార్గదర్శిలో ఉంది. దాంతో కాగితం మీద మద్యపాన వ్యసనం అని పడ్డాక దాని వెనుక ఉన్న భయమో దిగులో మళ్లీ లెక్కలోకి రావడం అరుదు. భయానక అనుభవాలు మిగిల్చే అలాంటి బాధ అమెరికాలో వియత్నాం యుద్ధం తర్వాత 1980లో పీటీఎస్‌డీ పేరుతో అధికారిక రోగనిర్ణయాల్లో చేరింది. మన సైనిక మనోవైద్యులు దాన్ని తక్కువగా నమోదు చేస్తారన్న వ్యాఖ్య ఉంది. మనవాళ్లు ఆ బాధను తలనొప్పిగా, గుండెదడగా, కోపంగా చెప్పుకుంటారన్నది ఒక వివరణ. అదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తోంది.

ఈసీహెచ్‌ఎస్

2003 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకానికి పింఛనే ప్రధాన అర్హత. పైన చెప్పిన బోర్డు నిర్ణయం ఇక్కడ రెండోసారి దెబ్బతీస్తుంది: పింఛను లేనివాడికి కార్డు లేదు, కార్డు లేనివాడికి పాలిక్లినిక్ లేదు. జబ్బు ఎంత ముందుగా, ఎంత తీవ్రంగా వస్తే పథకానికి అంత దూరమవడం దీనిలోని పెద్ద లోపం.

కార్డున్నవారికి కరీంనగర్‌లో పాలిక్లినిక్ ఉంది. అక్కడుండేది ప్రధానంగా మెడికల్ ఆఫీసరు, దంతవైద్యుడు. మనోవైద్యుడి కోసం రెఫరల్ రాయించుకుని పథకం గుర్తించిన ఆసుపత్రికో, సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రికో వెళ్లాలి. మందు స్టాకు లేకపోతే లేదని రాయించుకుని అనుమతి ఉన్న దుకాణంలో తీసుకోవాలి. షుగరు మాత్రకు ఇది చికాకు మాత్రమే. తనకు జబ్బే లేదనే మనిషికి నెలనెలా ఇదంతా చేయించాల్సింది భార్యో తల్లో. సిగ్గు వల్లే ఎవరూ రారని అంటుంటారు. సిగ్గు లేదని కాదు, కానీ ఈ తిరుగుడు ముందు అది రెండో కారణమే అనిపిస్తుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఇల్లు వదిలి తిరిగే రోగుల విషయంలో ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

కొండగట్టు

జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రంలో మతిస్థిమితం తప్పినవారు మండలం రోజులు ఉంటే నయమవుతుందని నమ్మకం. గాలి సోకిందనుకున్న ఇంటివాళ్లు డాక్టరు కన్నా ముందు అక్కడికే తీసుకెళ్లడం ఈ ప్రాంతంలో మామూలు. సైనిక కుటుంబాలు దీనికి మినహాయింపనుకోవడానికి కారణం లేదు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువే గానీ, నమ్మకాన్నీ వైద్యాన్నీ కలపడమూ సాధ్యమే: తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయిన తర్వాత, అదే ఊరి దర్గాలో మందునూ ప్రార్థననూ కలిపి ఇచ్చే ఏర్పాటు వచ్చింది.

ఇటీవలి మార్పులు

వైద్య కళాశాలకు సైకియాట్రీ విభాగం తప్పనిసరి. ఆదిలాబాద్‌లోని రిమ్స్ వైద్య కళాశాల 2008 నుంచే ఉంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలో ప్రభుత్వ కళాశాలలు తెరిచారు. కార్డు లేని మాజీ సైనికుడికి ఈ ఎనిమిది కళాశాలల ఆసుపత్రులే ఇవాళ దగ్గరి దిక్కు. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కుగా చెప్పింది. ఫోనులో మానసిక సాయం అందించే టెలి మానస్ 14416 నంబరుతో 2022 అక్టోబరు 10న మొదలైంది. సాయుధ బలగాల కోసం దాని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరు 1న పుణె సైనిక వైద్య కళాశాలలో ప్రారంభించారు.

బోర్డు నిర్ణయంపై అప్పీలు తోసిపుచ్చితే సాయుధ బలగాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లవచ్చు. అందుకు కావలసిన ప్రధాన కాగితం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్‌–16 అనే బోర్డు నివేదిక. ఇంట్లో లేకపోతే రికార్డ్ ఆఫీసును అడగాలి: ఈఎంఈ వారికి సికింద్రాబాద్, ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ వారికి వెల్లింగ్టన్.

నాలుగేళ్లకే సర్వీసులోకి తీసుకున్న అగ్నివీరుల్లో తొలి బృందాల గడువు 2026 చివర్లో ముగియడం మొదలవుతుంది. వారిలో శాశ్వత సర్వీసుకు ఎంపిక కానివారికి పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు.