ఇంటి మురుగు ఎదురుతన్నడం

ఇంటి మురుగు ఎదురుతన్నడం అనగా మరుగుదొడ్డి, స్నానాలగది, వంటగదుల నుండి బయటకు పోవలసిన మురుగునీరు గొట్టాలలో వెనుకకు మళ్ళి ఇంటిలోనికి చేరడం. శీతల దేశాలలో గొట్టాలలో నీరు గడ్డకట్టుట దీనికి ఒక కారణం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిస్థితి లేదు. ఇక్కడ అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవనాల వర్షాలు, బంగాళాఖాతపు తుఫానులు ముఖ్య కారణాలు. పశ్చిమ ప్రకాశంగా పేరుపొందిన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం కరువుసీమ అయినప్పటికీ, ఆ కొద్ది వారాలలో ఇక్కడి పల్లపు వీధులలోని ఇళ్ళకు ఈ ఇబ్బంది కలుగుతుంది.

ప్రాంత పరిస్థితులు

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. ఆ పలకరాయే ఇక్కడి మురుగు సమస్యకు కూడా కొంత కారణం. పలకరాయి పొరలు నీటిని సులభంగా పీల్చుకోవు. పొరల మధ్య పగుళ్ళు ఉన్నచోట నీరు వడకట్టబడకుండానే దూరం పోతుంది. అందువలన ఇంకుడు గుంత ఒకచోట త్వరగా నిండిపోతుంది, మరొకచోట సమీపంలోని బోరుబావిని కలుషితం చేస్తుంది. ఈ ప్రాంతంలో ఇళ్ళ మురుగు ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులకు, వీధి పక్క కాలువలకు పోతుంది.

కారణాలు

* వర్షానికి నేల తడిసి, ఇంకుడు గుంత నీటిని పీల్చుకోలేకపోవడం.
* వీధి కాలువ పూడిపోయి, దానిలోని నీరు ఇంటి గొట్టంలోనికి ఎదురెక్కడం.
* సిమెంటు రోడ్లు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి, పాత ఇళ్ళు పల్లమైపోవడం.
* మేడపై పడిన వాననీటిని మురుగు గొట్టంలోనికే కలపడం.
* చాలా ఏళ్ళుగా తీయని మడ్డి ట్యాంకులో పేరుకుపోవడం. చలికాలంలో మడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది.
* వంటనూనె, నెయ్యి, డాల్డా వంటివి చలికి పేరుకొని గొట్టాన్ని మూసివేయడం.
* గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, శానిటరీ న్యాప్‌కిన్లు దొడ్డిలో వేయడం.

నివారణ

ట్యాంకు లోతులో మూడవ వంతు మడ్డి చేరకముందే తీయించవలెను. సాధారణ కుటుంబానికి రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి ఇది అవసరమవుతుంది. వానలకు ముందే తీయించడం మేలు. నేల నీటితో నిండి ఉన్నపుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే బయటి నీరు తిరిగి లోనికి చేరుతుంది. ప్లాస్టిక్, ఫైబరు ట్యాంకులు పైకి తేలి గొట్టాలు విరిగే ప్రమాదం ఉంది.

భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురు వాడే సెప్టిక్ ట్యాంకు పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75 మీటర్లు, నీటి లోతు సుమారు 1 మీటరు. ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండవలెను. పలకరాతి నేలలో పగుళ్ళు ఉన్నచోట ఈ దూరం కూడా చాలకపోవచ్చును.

బయటకు పోయే గొట్టానికి ఎదురునీటిని ఆపే ఒకవైపు వాల్వు అమర్చుకోవచ్చును. దానిని అప్పుడప్పుడు శుభ్రం చేయకపోతే చెత్త అడ్డుపడి మూసుకోదు. వాననీటి గొట్టాన్ని విడిగా ఉంచవలెను. రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవారు ఒక గుంత నిండగానే ప్రవాహాన్ని రెండవదానికి మళ్ళించి, మొదటిదానిని సుమారు రెండేళ్ళు మూసి ఉంచితే లోపలిది ఎరువుగా మారుతుంది.

ఎదురుతన్నినపుడు చేయవలసినవి

1. ఇంటిలో నీటి వాడకం వెంటనే ఆపవలెను. పై అంతస్తులవారికి కూడా తెలియజేయవలెను.
2. నీరు స్విచ్చుబోర్డుల వరకు, మోటారు వరకు వచ్చే సూచన ఉంటే, పొడి నేలపై నిలబడి మెయిన్ స్విచ్చు కట్టివేయవలెను. దాని దగ్గరే నీరు నిలిచి ఉంటే తాకక విద్యుత్తు సిబ్బందిని పిలవవలెను.
3. పిల్లలను, వృద్ధులను ఆ గదులకు దూరంగా ఉంచవలెను.
4. అడ్డు ఎక్కడ ఉన్నదో చూడవలెను. ఒక్క దొడ్డి మాత్రమే నిండితే అడ్డు దాని గొట్టంలోనే ఉంటుంది. అన్నీ నిండితే ఇంటి వెలుపలి ఛాంబరు మూత తీసి చూడవలెను. ఛాంబరు నిండి ఉంటే అడ్డు దాని తరువాత, ఖాళీగా ఉంటే దానికీ ఇంటికీ మధ్య ఉన్నట్లు.
5. వీధి కాలువ పొంగుతున్నచో పురపాలక సంఘానికి లేదా పంచాయతీకి తెలపవలెను.

నీరు తీసిన తరువాత చేతితొడుగులు, బూట్లు ధరించి, నేలను సబ్బునీటితో కడిగి, పిదప బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో తుడవవలెను. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

తాగునీటి జాగ్రత్త

మురుగు సంపులోనికి చేరితే ఆ నీటిని పూర్తిగా తోడివేసి, గోడలు కడిగి, క్లోరిన్‌తో శుద్ధి చేయవలెను. కలుషిత నీటి వలన అతిసారం, కలరా, టైఫాయిడ్, కామెర్లు వ్యాపిస్తాయి. నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చనిపోతాయి గాని, పశ్చిమ ప్రకాశంలో ప్రధాన సమస్య అయిన ఫ్లోరైడు తొలగదు. కావున ఫ్లోరైడు గల బోరునీటిని కాక, సురక్షితమైన సరఫరా నీటినే కాచి తాగడం మంచిది.

ట్యాంకులోనికి దిగరాదు

సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్ వాయువులు చేరి, ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైనపుడు వాసన తెలిసే శక్తిని హరిస్తుంది. వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోరాదు. లోపల పడిపోయిన మనిషిని కాపాడుటకు దిగిన వారు కూడా మరణించిన సంఘటనలు దేశంలో అనేకం. అట్టి సమయంలో దిగక, 112కు గాని 101కి గాని ఫోను చేయవలెను.

రక్షణ పరికరాలు లేకుండా మనుషులను ట్యాంకులోనికి దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. పనిచేయించిన ఇంటి యజమాని కూడా శిక్షార్హుడే. ఇట్టి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. ఈ దురాచార నిర్మూలనకు పాటుపడిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ట్యాంకు శుభ్రతకు గొట్టంతో పీల్చే యంత్రపు లారీని మాత్రమే పిలిపించవలెను. తీసిన మడ్డిని వాగులలో, చెరువులలో, పొలాలలో పోయనీయరాదు.

ఇవి కూడా చూడండి

* మార్కాపురం
* గిద్దలూరు
* ఫ్లోరోసిస్
* ఈశాన్య ఋతుపవనాలు