పక్షుల చెరువు, పైరుకు బలం
తమిళనాట చెంగల్పట్టు ప్రాంతంలోని వేడందాంగల్ రైతులు, తమ చెరువులోని చెట్లపై గూళ్లు కట్టే కొంగలను ఎవరూ వేటాడకుండా, 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ నుంచి కౌలు, అంటే పాలకుడిచ్చే హామీపత్రం, పొందారు. వేటగాళ్ల పల్లె అనే అర్థమున్న ఊరు వేటను నిలువరించడం నిజంగా గొప్ప విషయం. ఆ పట్టుదల వెనుక భూతదయతోపాటు సేద్యపు అనుభవమూ ఉంది: గూళ్ల కింద కొమ్మలపై తెల్లగా పేరుకొన్న రెట్ట నీటిలో కలవగా, నత్రజని, భాస్వరం చేరిన ఆ చెరువునీరు తూము గుండా వరిమళ్లకు పారి ఎరువుగా పనిచేసేది. పులికాట్ సరస్సుకు చేరువలో, 1976లో అభయారణ్యమైన నేలపట్టు చెరువులోనూ, నీట నిలిచిన కడప చెట్లపై గూడబాతులు పిల్లలను పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన నీరు అక్కడి పొలాలకూ సారమే.