సైకిల్ యాత్రికులకు కలప మజిలీలు: విశాఖ - అరకు మార్గానికి అనువైన నిర్మాణ విధానం

బాటసారులకు నీడ, నీరు కల్పించడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న సంప్రదాయం. నాటి సత్రాలు, నేటికీ వేసవిలో వెలిసే చలివేంద్రాలు ఇందుకు నిదర్శనం. దూరప్రయాణాలు చేసే సైకిల్ యాత్రికులకు కూడా ఇటువంటి వసతి ఎంతో అవసరం. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సౌరఫలకాల నీడన సుమారు 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. అయితే నగరాలు దాటి కొండదారి పట్టిన యాత్రికునికి టీ దుకాణాలు, బస్ షెల్టర్లే ప్రధాన ఆధారంగా ఉంటున్నాయి. ఎండదెబ్బ, అలసట వల్ల కలిగే ప్రమాదాలను నివారించడానికి స్థానిక కలపతో, తక్కువ వ్యయంతో మజిలీలను నిర్మించుకోవచ్చు.

విశాఖపట్నం నుంచి అరకులోయకు దూరం సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన తరువాత ఘాట్ రోడ్డు మొదలై, అనంతగిరి మీదుగా సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తునగల లోయకు చేరుతుంది. ఈ మార్గాన్ని ఉదాహరణగా తీసుకుని పాటించవలసిన అంశాలను దిగువ వివరించడమైనది.

స్థల నిర్ణయం

సామానుతో ప్రయాణించే యాత్రికుడు మైదానంలో గంటకు సుమారు 15 కిలోమీటర్లు, ఎక్కుడు దారిలో అందులో సగం దూరం వెళ్లగలడు. కనుక మైదానంలో 15 నుంచి 20 కిలోమీటర్లకు ఒకటి, ఘాట్‌పై 6 నుంచి 8 కిలోమీటర్లకు ఒకటి చొప్పున మజిలీ ఉండడం సముచితం. మొదటిది ఎక్కుడు ప్రారంభానికి ముందే ఉండాలి. రోడ్డు మలుపులు, కొండచరియలు జారే చోట్లు, వాననీటి గెడ్డల అంచులు ఇందుకు పనికిరావు. ఎక్కే దిశలో ఎడమవైపున, రెండు వైపులా దూరం నుంచి కనిపించే స్థలాన్ని ఎంచుకోవాలి.

కలప ఎంపిక

టేకు చేవ సహజంగానే చెదలను, కుళ్లును తట్టుకుంటుంది. అందువల్ల స్తంభాలు, దూలాలకు అది శ్రేష్ఠం. కోస్తాలో విస్తారంగా పెరిగే సరుగుడు, జామాయిల్ వాసాలను, కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెక్కను శుద్ధి చేసి, పైకప్పు క్రింది భాగాలకే వినియోగించాలి. మూడు, నాలుగేళ్లు ముదిరిన వెదురును వర్షాకాలం ముగిసిన తరువాత నరికితే పిండిపదార్థం తక్కువగా ఉండి పురుగు పట్టే అవకాశం తగ్గుతుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. నిర్మాణం నిలిచినంతకాలం ఆ కర్బనం వాతావరణంలోకి చేరదు. కనుక మన్నికే పర్యావరణ హితానికి తొలి మెట్టు. రెండు మూడు వానాకాలాలకే కూలిపోయే కట్టడం వల్ల చెట్టూ, ధనమూ రెండూ వృథా అవుతాయి.

తడి, చెదల నుంచి రక్షణ

కలపలో తేమ 20 శాతానికి మించనంతవరకు కుళ్లు కలిగించే శిలీంధ్రాలు పెరగవు. ఇందుకు రసాయనాలకన్నా ముందు నిర్మాణ పద్ధతి ముఖ్యం. రాతి అరుగును 30 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, స్తంభాలను నేలలో పాతకుండా జింకు పూత పూసిన ఉక్కు పాదాలపై నిలపాలి. చూరు 60 నుంచి 75 సెంటీమీటర్లు ముందుకు రావాలి. బోరిక్ ఆమ్లం, బోరాక్స్ ద్రావణంతో చేసే శుద్ధి చవకైనదే అయినా వానకు కడుక్కుపోతుంది. కాబట్టి అది నీడనుండే భాగాలకే పరిమితం. చేతులు, ఆహారం తగిలే బల్లలకు ఆర్సెనిక్ కలిసిన రసాయనాలు వాడరాదు. కలప శుద్ధికి ఐ.ఎస్. 401, కలప కట్టడాల రూపకల్పనకు ఐ.ఎస్. 883, చెదల నివారణకు ఐ.ఎస్. 6313 ప్రమాణాలు అమలులో ఉన్నాయి.

గాలి తాకిడి

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను పైకప్పులకు కలిగించిన నష్టం విదితమే. ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం విశాఖపట్నం ప్రాంత మౌలిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. గోడలు లేని కట్టడాల కప్పును గాలి క్రిందినుంచి పైకి ఎత్తివేస్తుంది. అందువల్ల మేకులకు బదులు బోల్టులు, ఉక్కు పట్టీలతో కప్పును దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదికి వరుసగా బిగించాలి. బోల్టుల వల్ల పాడైన చెక్కను మాత్రమే మార్చుకునే వీలు కూడా కలుగుతుంది.

వసతులు

ఆరు నుంచి ఎనిమిది మందికి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు చాలును. సైకిళ్లను ప్రక్కనే విడిగా నిలపాలి. సైకిల్ పొడవు సుమారు 1.8 మీటర్లు. ఇనుప కమానులను మీటరు ఎడంతో నాటితే సామాను సంచులున్న సైకిళ్లు కూడా ఇముడుతాయి. పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు అభిముఖంగా ఉంచి, పడమటి వైపు వెదురు తడికె కడితే సాయంకాలపు ఎండ పడదు. త్రాగునీరు, గాలి పంపు, కోతులు తెరవలేని చెత్తబుట్ట ఏర్పాటు చేయాలి. తరువాతి నీటివసతి దూరాన్ని, 108, 112 అత్యవసర నంబర్లను తెలుగులో స్పష్టంగా వ్రాయించాలి. వంటకు నిప్పు రాజేయడాన్ని నిషేధించి, చుట్టూ ఎండుగడ్డిని తొలగించాలి.

అనుమతులు, స్థానిక భాగస్వామ్యం

అనంతగిరి, అరకులోయ మండలాలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం స్ఫూర్తి మేరకు స్థల ఎంపికకు ముందే గ్రామసభను సంప్రదించాలి. అటవీ భూమి అయితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం క్రింద ముందస్తు అనుమతి తప్పనిసరి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017 సవరణతో అటవీయేతర భూముల్లోని వెదురు భారత అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి తొలగిపోయింది. కావున వెదురును గిరిజనుల నుంచే కొనుగోలు చేసి, తడికెలు, కప్పు పనిని స్థానిక పనివారికి అప్పగిస్తే నిర్మాణ వ్యయంలో కొంత భాగం ఆ గ్రామాలకే చేరుతుంది.

నిర్వహణ

ఏటా మే నెలలో, వర్షాలకు ముందే, బోల్టుల బిగువును, స్తంభాల మొదళ్లను, చెదల మట్టిదారులను తనిఖీ చేయాలి. ఈ బాధ్యత ఎవరిదో, అందుకు నిధులు ఎక్కడివో అంచనాల దశలోనే వ్రాతపూర్వకంగా నిర్ణయించడం అవసరం. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకంకన్నా ఏటేటా జరిగే తనిఖీయే కలప కట్టడం ఆయుష్షును నిర్ణయిస్తుంది.